పోకర్ నైపుణ్యం ఆటే కదా, మరి ఖాళీ చెక్కుతో నాకు కేసు ఎలా వస్తుంది?

ప్రశ్న: న్యాయవాది గారికి నమస్కారం. మాది హైదరాబాద్, ప్రైవేటు ఉద్యోగం. దాదాపు ఏడాదిగా శనివారం రాత్రుళ్లు నిజాంపేటలో ఒక మిత్రుడి ఫ్లాట్‌లో ఎనిమిది మందిమి పోకర్ పేకాట ఆడుతున్నాం. చిప్స్ (డబ్బుకు బదులు వాడే బిళ్లలు) ఆయనే ఇస్తాడు, ప్రతి పాట్‌లో, అంటే అందరూ ఒడ్డిన సొమ్ములో, ఐదు శాతం ఆయనే తీసుకుంటాడు. వారం మధ్యలో ఫోన్‌లో ఒక యాప్‌లోనూ ఆడతాం. యాప్‌లో డబ్బు ఉండదు, గెలుపోటముల లెక్క ఆదివారం యూపీఐలో తేల్చుకుంటాం. పోకర్ నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది, మన జోలికి ఎవరూ రారు అంటాడాయన. మొన్న ఒక్క రాత్రే అప్పు చిప్స్ మీద 1,80,000 రూపాయలు పోగొట్టుకున్నాను. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఇచ్చాను. ఇప్పుడు దాన్ని బ్యాంకులో వేస్తానంటున్నాడు. చెల్లింపు ఆపమని బ్యాంకుకు చెప్పి స్టాప్ పేమెంట్ పెడితే సరిపోతుందా? ఈ అప్పు కట్టాలా? ఇంట్లో ఇంకా చెప్పలేదు.

జవాబు: మీ మిత్రుడు చెబుతున్న సుప్రీంకోర్టు తీర్పు పోకర్ గురించి కాదు, రమ్మీ గురించి. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేసిన కేసు అది. మా వృత్తిలో దాన్ని 1968 నాటి సత్యనారాయణ కేసు అంటాం. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో ఆలోచించాలి కాబట్టి అందులో నైపుణ్యానిదే పైచేయి అని కోర్టు చెప్పింది. మూడు ముక్కలాట మాత్రం పూర్తిగా అదృష్టం ఆట అంది. పోకర్ ఊసే అందులో లేదు. పైగా ఆ తీర్పులోనే ఇంకో మాట ఉంది. పందెం పెట్టి ఆడే రమ్మీ మీదైనా సరే, క్లబ్బు యజమానో ఇంటి యజమానో లాభం తీస్తున్నట్టు రుజువైతే నేరం నిలబడవచ్చని. తీర్పులో సగమే చెప్పి మిగతా సగం వదిలేసేవాళ్లను నేను చాలా మందిని చూశాను. మిమ్మల్ని ముంచగలిగేది ఆ వదిలేసిన సగమే.

పోకర్ నైపుణ్యం ఆటా కాదా అన్నదాని మీద హైకోర్టులు ఒక్క మాట మీద లేవు. గుజరాత్ హైకోర్టు 2017లో అది అదృష్టం ఆటేనంది. మద్రాసు హైకోర్టు 2023లో రమ్మీ, పోకర్‌లను అదృష్టం ఆటల జాబితాలో చేర్చిన తమిళనాడు చట్టపు షెడ్యూలును కొట్టేసింది. 2024లో అలహాబాద్ హైకోర్టు పోకర్‌ను నైపుణ్యం ఆటగానే చూసింది. పశ్చిమ బెంగాల్ చట్టమైతే 1957 నుంచే పోకర్‌ను జూదం నిర్వచనంలోంచి తప్పించింది. నన్నడిగితే, పోకర్‌కూ మూడు ముక్కలాటకూ పోలిక పెట్టడం తప్పు. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు, ప్రతి దశలోనూ ఆడాలో వదిలెయ్యాలో లెక్క వేసుకోవాలి. నెలల తరబడి చూస్తే లెక్క తెలిసినవాడే మిగులుతాడు. ఒక్క రాత్రి సంగతి మాత్రం వేరు. ఆసుల జత, రాజుల జత ఎదురుపడితే ఐదింట నాలుగుసార్లు ఆసులే గెలుస్తాయి. ఆ ఐదోసారి మీ చేతిలోనే ఆసులుంటే నైపుణ్యం ఎంత ఉన్నా డబ్బు పోతుంది.

ఇంత చెప్పింది ఎందుకంటే, ఈ చర్చలో ఎవరు గెలిచినా తెలంగాణలో మీకు ఒరిగేదేమీ లేదు. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టంలో నైపుణ్యం ఆటలకు మినహాయింపు ఉండేది, 15వ సెక్షన్‌లో. మన వాళ్లందరి ధీమా దాని మీదే. తెలంగాణ ప్రభుత్వం 2017లో చట్టాన్ని సవరించి ఆ మినహాయింపు తీసేసింది. నైపుణ్యం ఆట మీదైనా సరే డబ్బు ఒడ్డితే అది జూదమే అని నిర్వచనం మార్చింది, ఆన్‌లైన్ ఆటనూ కలిపింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే బాట పట్టింది. అందుకే అప్పట్లో డబ్బు ఆటల యాప్‌లు ఈ రెండు రాష్ట్రాల వాళ్లను లోపలికి రానివ్వడం మానేశాయి. బెంగళూరులోనో కోల్‌కతాలోనో ఉండే స్నేహితుడు చెప్పిన న్యాయం నిజాంపేటలో చెల్లకపోవడానికి కారణం ఇదే. జూదం రాష్ట్రాల జాబితాలోని అంశం, ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిది. గోవాలో మాండవి నది మీది క్యాసినో పడవల్లో ఆడేది అక్కడి 1976 చట్టం కింద లైసెన్సుతో. ఆ లైసెన్సు ఇక్కడి ఫ్లాట్‌కు పనికిరాదు.

ఇక ఆ ఐదు శాతం. మీరు దాన్ని భోజనం ఖర్చు అనుకుంటున్నారేమో, తెలంగాణ గేమింగ్ చట్టం అలా అనుకోదు. పేక ముక్కలు, బల్ల, ఇతర సరంజామా పెట్టి, వాటి వాడకానికో ఇంటి వాడకానికో ఏ రూపంలోనైనా లాభం తీసుకునే చోటును చట్టం జూదగృహం అంటుంది. పాట్ మీద వాటా తీయడం సరిగ్గా ఆ నిర్వచనంలోకే వస్తుంది. నడిపినవాడి మీద 3వ సెక్షన్, అక్కడ ఆడుతూ దొరికినవాడి మీద 4వ సెక్షన్. సొంత ఇల్లు, తలుపు వేసుకున్నాం, తెలిసినవాళ్లమే అన్నవేవీ ఇక్కడ అడ్డు రావు. చిప్స్ డబ్బు కావు కదా అన్న వాదనా నిలవదు, ఆట అయ్యాక వాటిని దేనితో మారుస్తున్నారన్నదే చూస్తారు. ఏమీ ఒడ్డకుండా, ఎవరూ వాటా తీయకుండా సరదాకు ఆడుకుంటే ఇబ్బంది లేదు.

యాప్ సంగతీ అంతే. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడానే పక్కన పెట్టేసింది. డబ్బుగా మార్చుకోగలిగే కాయిన్లు, టోకెన్లు కూడా పందెమే అని రాసింది. యాప్‌లో ఉత్త చిప్స్, లెక్క మాత్రం బయట యూపీఐలో అనే మీ ఏర్పాటు దానికి దొరక్కుండా పోదు. ఆట నడిపినవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాళ్లకు ఆ చట్టంలో శిక్ష లేదు కానీ, తెలంగాణ చట్టం అలా వదిలిపెట్టదు. కేంద్ర చట్టాన్ని సవాలు చేస్తూ కంపెనీలు వేసిన పిటిషన్లు సుప్రీంకోర్టుకు చేరాయి. అవి ఎలా తేలినా, ఆదివారం లెక్కలు రాసే పని మాత్రం మీరు పెట్టుకోకండి. ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉంటే వాళ్లను ఏజెంటు అంటారు.

ఇప్పుడు మీకు నిద్ర పట్టనివ్వని చెక్కు దగ్గరికి వద్దాం. భారత కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, గెలిచిన సొమ్ము కోసం దావా వేయడానికి వీల్లేదు. పోకర్ పందెం కాదు, నైపుణ్యం అని ఆయన వాదించినా, ఈ రాష్ట్రంలో చట్టం వద్దన్న పని కోసం, అది తెలిసి తానే నడుపుతూ ఇచ్చిన అప్పు కాబట్టి 23వ సెక్షన్ అడ్డొస్తుంది. అంటే 1,80,000 కట్టి తీరాల్సిన బాకీ కాదు. అయితే ఇంతకు ముందు మీరు కట్టేసిన డబ్బు తిరిగి ఇప్పించమంటే కోర్టు మీ వైపూ చూడదు.

బాకీ చెల్లదు కాబట్టి చెక్కు చిత్తు కాగితం అనుకోవద్దు. సంతకం మీదైతే చాలు, అది చట్టబద్ధమైన బాకీ కోసమే ఇచ్చారని కోర్టు మొదట అనుకుంటుంది. చెక్కులకు వర్తించే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 139వ సెక్షన్ చెప్పేది అదే. ఖాళీ చెక్కు, అంకెలు ఆయనే రాసుకున్నాడు అన్నా ఆ ఊహ పోదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. స్టాప్ పేమెంట్ పెట్టినా చెక్కు కేసు పడవచ్చని 1998లోనే తేలింది. కానీ 2001లో మేడ్చల్ కెమికల్స్ కేసులో ఒక దారి చూపించారు. ఖాతాలో సరిపడా డబ్బు ఉండి, బాకీయే లేదన్న కారణంతో ఆపించినట్టు మీరు చూపగలిగితే నేరం కాదని. అందుకే రేపే బ్యాంకుకు రాతపూర్వకంగా స్టాప్ పేమెంట్ ఇవ్వండి, చెక్కు నంబరు వేసి, రశీదు తీసుకోండి. ఖాతాలో నిల్వ తగ్గించకండి.

చెక్కు తిరిగొస్తే ఆయన 30 రోజుల్లోపు మీకు నోటీసు పంపాలి. అది అందిన 15 రోజుల్లో మీరు కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టుకు వెళ్లవచ్చు. నోటీసు తీసుకోకుండా తిప్పి పంపడం, జవాబివ్వకపోవడం రెండూ మీకే చేటు. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. మధ్యలో ఎప్పుడైనా రాజీ పడవచ్చు.

ఈ కేసుల్లో ఫిర్యాదులో పేకాట అన్న మాటే ఉండదు. ఫలానా తేదీన కుటుంబ అవసరానికి చేబదులు ఇచ్చాను అని ఉంటుంది. క్రాస్ పరీక్షలో మేం ఫిర్యాదు చేసినవాణ్ని అడిగేది అక్కడే. ఆ రోజు మీ ఖాతాలో అంత డబ్బు ఉందా? ఎక్కడి నుంచి తీశారు? ఆదాయపు పన్ను రిటర్నులో చూపించారా? నోటు రాయించుకోలేదేం? ఇచ్చిన రాత్రి మీరు ఎక్కడున్నారు? నిందితుడిగా మీరు సందేహం లేకుండా నిరూపించనక్కర్లేదు, మీ మాటే నమ్మదగ్గదిగా కనిపిస్తే చాలు. అందుకు మీ దగ్గరున్న గట్టి సాక్ష్యం వాట్సాప్ గ్రూపు. చిప్స్ లెక్కల ఫొటోలు, చెక్కు వేస్తానన్న మెసేజీలు ఏవీ తుడిచెయ్యకండి, ఫోన్ మార్చకండి, గ్రూపులోంచి బయటికి రాకండి. కోర్టులో వాటిని చూపాలంటే కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అది మీ లాయరు చూసుకుంటారు. జవాబు నోటీసు మాత్రం మీరు సొంతంగా రాయవద్దు. పేకాట అప్పు అని రాయడం మీకు రక్షణే కానీ, అక్కడ ఆడానని ఒప్పుకోవడం కూడా. ఎంత చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో కొలిచి రాయాలి. ఆయన భయం మీకన్నా ఎక్కువని కూడా గుర్తుంచుకోండి. బాకీ ఎలా వచ్చిందో నిజం చెబితే 3వ సెక్షన్ ఆయన మెడకే చుట్టుకుంటుంది. ఇలాంటివి చాలావరకు కోర్టు దాకా రాకుండా ఆగేది ఈ కారణంగానే.

ఇంటికి మనుషులను పంపి బెదిరిస్తే అది వేరే నేరం, భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్. ఆ రోజే స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. ఇంట్లో ముందే చెప్పడం మంచిదని నేనంటాను. నోటీసు పోస్టులో వచ్చేది ఇంటి అడ్రసుకే, మీరు ఆఫీసులో ఉన్నప్పుడు సంతకం పెట్టి తీసుకునేది మీ భార్యో అమ్మో. ఆ కవరు చూసి తెలుసుకోవడం కన్నా మీ నోట వినడమే వాళ్లకు నయం. ఈ శనివారం మాత్రం నిజాంపేట వెళ్లకండి, రాజీ మాటలకు పిలిచినా సరే. మాట్లాడాలంటే పగటిపూట, లాయరు ఆఫీసులో, ఒరిజినల్ చెక్కు చేతికి తీసుకున్నాకే ఏ కాగితం మీదైనా సంతకం పెట్టండి.