మూడు ట్యూబులు చాలు

గుంటూరు

చి. బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఉండవల్లి పొలాల బొమ్మ చూశాను. గీత బాగుంది. రంగులే, ఇరవై నాలుగూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆ పచ్చ రంగు ట్యూబులోంచి నేరుగా తీసిందని గుంటూరు దాకా తెలిసిపోతోంది.

ఈసారి మూడే పట్టుకెళ్లు: అల్ట్రామెరైన్ బ్లూ, ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపు, బర్న్ట్ సియెన్నా అనే ఇటుక రంగు. వాటర్ కలర్ కదా, తెలుపు కాగితమే ఇస్తుంది. నీలంలో ఓకర్ కలిపితే వచ్చే పచ్చ కాస్త మాసినట్టుంటుంది. మన అరటి తోటలు, దుమ్ము పట్టిన తుమ్మచెట్లు ఉండేది ఆ రంగులోనే. లేత నారుమడి పచ్చ మాత్రం వీటితో రాదు, దాని జోలికి ఇప్పుడే పోకు.

నీలం, సియెన్నా కలిపితే బూడిద రంగు. దీని మీద ఒక వారం కూర్చో. నీలం ఎక్కువైతే వానమబ్బు, సియెన్నా ఎక్కువైతే తాటిమాను, నీళ్లు తగ్గించి చిక్కగా పెడితే నల్లరేగడి. అల్ట్రామెరైన్ గరుకు కాగితం గుంటల్లో గింజగింజగా దిగుతుంది. దున్నిన చేనుకి అదే అందం, కెలక్కు. కొండవీడు కొండలకి నీలం పెంచి, నీళ్లు బాగా కలుపు. ఆరాక ఇంకా పాలిపోతుంది, అందుకని తడి మీద కాస్త ముదురుగానే ఉండనీ.

అసలు చెప్పాలనుకున్నది ఎరుపు గురించి. ఒకసారి మిరప కల్లం వేద్దామని వెళ్లి, పెట్టెలో ఉన్న ఎరుపులన్నీ పులిమాను. కాయలు ఎండబోస్తున్న రైతు తొంగి చూసి, "చీరల కొట్టు వేశారా మాస్టారూ?" అన్నాడు. ఏడుపొచ్చినంత పనైంది. వారం తర్వాత మళ్లీ వెళ్లాను. ఆకాశం, చేను, కాయల కింద పరిచిన పట్టాలు అన్నీ నీలి బూడిదలోనే ఆపేసి, మధ్యలో కాయలకి సియెన్నా ఒక్కటే చిక్కగా పెట్టాను. అది ఇటుక రంగే, ఎరుపు కాదు. చుట్టూ చల్లటి రంగులుంటే కంటికి ఎర్రగా మండుతుంది. ఈసారి ఆయన, "తేజా రకం కాయేనా?" అని అడిగాడు.

ఫిబ్రవరిలో కల్లాలు నిండాక రా, కలిసి వెళదాం. పొద్దున్నే ఏడింటికల్లా అక్కడుండాలి, ఎండెక్కితే రంగు పరిచేలోపే ఆరిపోతుంది. కుంచె మొన నోట్లో పెట్టుకునే అలవాటుంది నీకు. కల్లంలో మాత్రం ఆ పని చెయ్యకు.

మీ పెదనాన్న