విషవాయువుకు ముడిసరుకు అమ్మినవాడు

ప్రశ్న: 1988లో ఇరాక్‌లోని కుర్దుల పట్టణం హలబ్జాపై విషవాయువు బాంబులు వేసింది సద్దాం సైన్యం. రసాయనం అమ్మిన వ్యాపారిని యుద్ధ నేరంలో దోషిగా నిలబెట్టడం సాధ్యమా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: సాధ్యమే. నెదర్లాండ్స్ వ్యాపారి ఫ్రాన్స్ వాన్ ఆన్‌రాట్ 1980లలో ఇరాక్‌కు 1,100 టన్నులకు పైగా థయోడైగ్లైకాల్ పంపాడు. బట్టల అద్దకంలో, బాల్‌పెన్ సిరాలో వాడే ద్రవం అది. ఒంటిని బొబ్బలెక్కించే విషవాయువు మస్టర్డ్ గ్యాస్‌కూ అదే ముడిసరుకు. 1989లో మిలాన్‌లో పట్టుబడినా ఇరాక్ పారిపోయాడు. 2004 డిసెంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో దొరికాడు.

ఏ చట్టం కింద పట్టుకోవాలన్నదే అసలు చిక్కు. రసాయన ఆయుధాల ఒప్పందం 1997లో గానీ అమల్లోకి రాలేదు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2002కు ముందటి నేరాల జోలికి పోదు. కానీ యుద్ధంలో విషవాయువు ప్రయోగాన్ని 1925 జెనీవా ప్రోటోకాలే నిషేధించింది. అందుకని ప్రాసిక్యూటర్లు ఎగుమతి నేరం పక్కన పెట్టి, యుద్ధ నేరానికి తోడ్పడ్డాడని అభియోగం మోపారు. నిందితుడు డచ్ పౌరుడు కాబట్టి విదేశంలో జరిగిన నేరమైనా డచ్ కోర్టే విచారించింది.

సరుకు ఇరాక్ చేరిందనీ, అదే గ్యాస్‌గా మారి జనం మీద పడిందనీ రుజువు చేయాలి. వీటికి రవాణా పత్రాలు, ఐరాస తనిఖీదారుల సమాచారం అక్కరకొచ్చాయి. అన్నిటికన్నా కష్టం, అతనికి తెలుసని చూపడం. ఇరాన్‌ మీద, ఇరాక్‌తో యుద్ధంలో, మస్టర్డ్ గ్యాస్ వాడారని ఐరాస నిపుణులు 1984 మార్చిలోనే తేల్చారు. ఆ తర్వాతా అతను సరుకు పంపుతూనే ఉన్నాడు. 2005లో 15 ఏళ్లు, అప్పీలులో 17 ఏళ్లు, 2009లో సుప్రీంకోర్టులో పదహారున్నర ఏళ్ల శిక్ష ఖరారైంది. కుర్దులపై జరిగింది జాతినిర్మూలనే అని మొదటి కోర్టు ఒప్పుకుంది, అయితే ఆ ఉద్దేశం వ్యాపారికి తెలుసనడానికి రుజువు లేక ఆ అభియోగం కొట్టేసింది. వేలమంది చచ్చిపోయిన కేసులోనూ రుజువైనంత మేరకే శిక్ష వేయడం సరైనదే.

ప్రశ్న: మన ఎగుమతిదారులకు ఇలాంటి ముప్పు ఉందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఉంది. థయోడైగ్లైకాల్ స్కోమెట్ జాబితాలో (ఆయుధాలకూ పనికొచ్చే సరుకుల ఎగుమతిపై కేంద్రం నియంత్రణ జాబితా) ఉంది, డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) లైసెన్సు కావాలి. జాబితాలో లేని సరుకైనా, రసాయన ఆయుధాలకని తెలిసి ఎగుమతి చేస్తే 2005 నాటి సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం కింద నేరమే. పొరపాటు ఎక్కువగా జరిగేది ఎండ్‌-యూజ్ సర్టిఫికెట్ (సరుకు ఎవరు, దేనికి వాడతారో చెప్పే పత్రం) దగ్గర: అసలు వాడేవాడి సంతకం బదులు మధ్య దళారీ కాగితం తీసుకుని ఫైల్లో పెట్టేస్తారు. కొనేవాడి ఫ్యాక్టరీ సామర్థ్యానికి మించిన ఆర్డరు వచ్చినా, డ్రమ్ముల మీద లేబుళ్లు తీసేయమన్నా, సరుకు బయల్దేరాక రేవు మార్చమన్నా ఆ లోడు ఆపి డీజీఎఫ్‌టీకి రాతపూర్వకంగా తెలపండి.