స్పేస్ డాక్టర్ అవుతానంటోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. చదువులో చురుకైనదే. శుభాంశు శుక్లా స్పేస్ స్టేషన్‌కి వెళ్లొచ్చినప్పటి నుంచీ స్పేస్ డాక్టర్ అవుతానని పట్టుబట్టి కూర్చుంది. అమెరికాలో నాసా దగ్గర పది రోజుల శిక్షణ ఇప్పిస్తామని, సర్టిఫికెట్ కూడా వస్తుందని ఒక ఏజెన్సీ వాళ్లు చెబుతున్నారు. ఐదు లక్షలవుతుందట. ఎంబీబీఎస్ చదివించి ఆ దారిలో పంపాలా, నేరుగా విదేశాల్లో స్పేస్ కోర్సులో చేర్చాలా? రెండూ పోల్చి చెప్పండి. మిలటరీ అంటే వాళ్లమ్మ ససేమిరా అంటోంది. ఈ ధ్యాసలో పడి నీట్ పోగొట్టుకుంటుందేమోనని నా భయం.
ఒక తండ్రి, తణుకు

జవాబు: ముందు ఆ ఐదు లక్షల సంగతి తేల్చేద్దాం. అడ్వాన్సు కట్టి ఉంటే వెనక్కి అడగండి, కట్టకపోతే కట్టొద్దు.

ఫ్లోరిడాలో కెనెడీ స్పేస్ సెంటర్‌ని ఆనుకుని సందర్శకుల కోసం ఒక విజిటర్ కాంప్లెక్స్ ఉంది. దాన్ని నడిపేది ప్రైవేటు సంస్థ. టికెట్ కొన్న ఎవరైనా వెళ్లి పాత రాకెట్లు చూడొచ్చు. ఇంకొంచెం కడితే సిమ్యులేటర్లో కూర్చోబెడతారు, నీలం రంగు సూట్ తొడిగి ఫొటో తీస్తారు. తప్పేమీ లేదు, పిల్లలకు సరదాగానే ఉంటుంది. ఆ ఫొటో మన ఊరి పేపర్లో ‘నాసాకు ఎంపికైన విద్యార్థిని’గా అచ్చయినప్పుడే తంటా మొదలవుతుంది. నాసా సొంతంగా నడిపే ఇంటర్న్‌షిప్‌లు ప్రధానంగా అమెరికా పౌరులకే. వాటిలో చేరినవాళ్లకు నాసాయే స్టైపెండ్ ఇస్తుంది, వాళ్ల దగ్గర తీసుకోదు. ‘ఎంపిక’ అన్న మాటా ఫీజు రసీదూ ఒకే కవర్లో వచ్చాయంటే అది టూర్ ప్యాకేజీ.

ఇప్పుడు ‘అనలాగ్ ఆస్ట్రోనాట్’ శిక్షణ, అంటే భూమ్మీదే వ్యోమగామిలా ఉండి చూడటం కూడా ఫ్యాషనైంది. ఎడారిలోనో కొండమీదో ఒక గుడారంలో వారం రోజులుంచి, చివర్లో సర్టిఫికెట్ చేతిలో పెడతారు. నిజమైన పరిశోధన ఎలా ఉంటుందో చెబుతాను. జర్మనీలో కొలోన్‌లోని డీఎల్ఆర్ (ఆ దేశపు అంతరిక్ష సంస్థ) వాళ్లు ఆరోగ్యవంతులైన వాలంటీర్లను తల 6 డిగ్రీలు కిందికి వంచిన మంచం మీద 60 రోజులు పడుకోబెడతారు. తిండి, స్నానం, మలమూత్రాలు అన్నీ ఆ మంచం మీదే. భారరహిత స్థితిలో రక్తం తలవైపు చేరడం, ఎముకలూ కండరాలూ నీరసించడం భూమ్మీదే అలా గమనిస్తారు. అక్కడ పాల్గొన్నవాళ్లకే డబ్బిస్తారు. మీ అమ్మాయికి చూపించిన బ్రోషర్లో డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్తోందో ఒక్కసారి చూడండి. ఏ మెడికల్ కాలేజీ గానీ, ఏ పీజీ కౌన్సెలింగ్ గానీ ఆ సర్టిఫికెట్‌కి అర మార్కు కూడా వేయదు.

కోపం తెచ్చుకోకండి గానీ, నీట్ పోతుందని భయపడే తండ్రి పరీక్ష కొన్ని నెలల దూరంలోనే ఉండగా పది రోజుల ప్రయాణానికి వీసా, టికెట్లు, జెట్‌లాగ్ లెక్కలు వేయడమేమిటి? పిల్ల కోరికను మీరు ‘ధ్యాస’ అంటున్నారు. ఆ ధ్యాసను అమ్మకానికి పెట్టిన మనిషిని మాత్రం ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చారు. ఆ అమ్మాయి చదువుకి అడ్డం వస్తున్నది స్పేస్ కాదండీ, ఈ ఏజెన్సీ.

ఇక అసలు విషయం. స్పేస్ డాక్టర్ల చదువుని ఏరోస్పేస్ మెడిసిన్ అంటారు. ఆ పేరు వింటే అందరికీ రాకెట్ గుర్తొస్తుంది గానీ, ఆ డాక్టర్ల పనిలో సింహభాగం విమానాలదే. యుద్ధవిమానం గట్టిగా మలుపు తిరిగితే పైలట్ శరీరం ఏడెనిమిది రెట్లు బరువెక్కుతుంది. తలలోని రక్తం కాళ్లవైపు దిగిపోయి ముందు చూపు మసకబారుతుంది, ఆ వెంటనే స్పృహ తప్పుతుంది. కాళ్లూ పిర్రలూ పొట్టా బిగించి, ఊపిరి బిగబట్టి, దాదాపు మూడు సెకన్లకోసారి చప్పున వదిలి పీల్చుకోవడం నేర్పిస్తారు. మనిషిని కూర్చోబెట్టి గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ యంత్రంలో దాన్ని సాధన చేయిస్తారు. ఆక్సిజన్ తగ్గితే తన ఒంట్లో మొదట కనిపించే లక్షణమేదో పైలట్‌కి తెలియాలి. అందుకే ఛాంబర్లో కూర్చోబెట్టి గాలి పలచబరుస్తారు. 25,000 అడుగుల ఎత్తుకు సమానమైన గాలిలో, మాస్క్ లేకపోతే, పనికొచ్చే స్పృహ మూడు నుంచి ఐదు నిమిషాలే. వీటికితోడు వెన్నునొప్పులు, చెవిపోటు, నిద్రలేమి, ‘ఈయన రేపు ఎగరొచ్చా, కూడదా’ అన్న సంతకం. రోజువారీ పని ఇదే. ఇది విన్నాక కూడా మీ అమ్మాయి కళ్లు మెరిస్తే ఆ కోరిక గట్టిదే.

స్పేస్ వైపు పని ఎలా ఉంటుందో ఒక్క కేసు చాలు. స్పేస్ స్టేషన్‌లో దాదాపు రెండు నెలలున్న ఒక వ్యోమగామికి మెడలోని పెద్ద సిరలో రక్తం గడ్డకట్టింది. మరో పరిశోధన కోసం చేసిన అల్ట్రాసౌండ్‌లో అది బయటపడింది. ఈ కేసు 2020 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. గడ్డను అదుపు చేసే ఎనాక్సాపరిన్ ఇంజెక్షన్ స్టేషన్‌లో కొన్ని వయల్స్ (చిన్న మందు సీసాలు) మాత్రమే ఉంది. కొత్త మందు సరుకుల నౌకలో చేరేదాకా దాన్ని సరిపెట్టాలి. భూమ్మీదున్న నిపుణుడు మోతాదు లెక్కగట్టి, మధ్యలో తగ్గించి, సర్దాడు. అది పేపర్ మీది లెక్క. మందు ఎక్కించడం చూడండి. ఇక్కడ నర్సు సిరంజిని నిలువుగా పట్టుకుని వేలితో తడితే గాలిబుడగ పైకొస్తుంది, నొక్కితే బయటికి పోతుంది. అక్కడ పైనా కిందా లేవు, బుడగ పైకి రాదు. వయల్‌లో మందు గోడలకు అంటుకుని ఉంటుంది, సూదికి గాలి తగులుతుంది. మనవాళ్లు రోజుకు వందసార్లు చేసే పని అక్కడ ఒక సమస్య. తర్వాత అపిక్సబాన్ మాత్రలొచ్చాకే ఆ బాధ తప్పింది.

ఈ కేసులో ఉపయోగపడిన చదువేదో గమనించారా? రక్తం గడ్డల వైద్యం, అల్ట్రాసౌండ్, ఫార్మకాలజీ. వాటి మీద పట్టున్న డాక్టర్‌కి భారరహిత స్థితిలో శరీరం ఎలా మారుతుందో నేర్పవచ్చు. తుంటి ఎముక సాంద్రత నెలకు 1 నుంచి 1.5 శాతం తగ్గడం, అందుకని రోజూ రెండు గంటల వ్యాయామం, ఎముకల్లోంచి కరిగిన కాల్షియంతో కిడ్నీలో రాళ్ల ప్రమాదం, ఇలాంటివి పుస్తకాల్లో ఉన్నాయి. వైద్యం రాని ‘స్పేస్ కోర్సు’ పట్టభద్రుడి చేతికి మాత్రం సిరంజి ఇవ్వరు. పోల్చి చెప్పమన్నారు కదా, పోలికలో సగం ఇక్కడే తేలిపోయింది.

మన దేశంలో దారి ఒక్కటే, అది యూనిఫాం మీదుగా పోతుంది. బెంగళూరులో వైమానిక దళానికి చెందిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ ఉంది, 1957లో మొదలైంది. గగన్‌యాన్ వ్యోమగాముల వైద్య ఎంపిక జరిగింది అక్కడే. మూడేళ్ల ఎండీ ఏరోస్పేస్ మెడిసిన్ అక్కడే, రాజీవ్ గాంధీ హెల్త్ యూనివర్సిటీ కింద. సీట్లు బహు తక్కువ, ప్రధానంగా సర్వీసులో ఉన్న డాక్టర్లవే. అక్కడికి రెండు మార్గాలు. పుణేలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్ఎంసీలో ఎంబీబీఎస్ చేయడం ఒకటి. బయట ఎక్కడైనా ఎంబీబీఎస్ చేసి, షార్ట్ సర్వీస్ కమిషన్‌లో, అంటే పరిమిత కాలానికి అధికారిగా, సైనిక వైద్య విభాగంలో చేరడం రెండోది. ఏఎఫ్ఎంసీలో సీటొస్తే వైమానిక దళం ఖాయమని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. చదువు అయ్యాక ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లలో ఒకదానికి కేటాయిస్తారు. ఇష్టం అడుగుతారు, కానీ ఖాళీలూ మెరిట్టూ నిర్ణయిస్తాయి. ఎక్కువమంది వెళ్లేది ఆర్మీకే. పైగా ఇటీవలి నోటిఫికేషన్లలో అక్కడ ఆడపిల్లలకున్నవి 30 సీట్లే. మధ్యలో మానేస్తే కట్టాల్సిన బాండు సొమ్ము చిన్నది కాదు, సంతకం పెట్టేముందు ఆ పేజీ మీరు స్వయంగా చదవండి.

వైమానిక దళంలో పడ్డ డాక్టర్ ఏరోస్పేస్ మెడిసిన్‌లో ప్రైమరీ కోర్సు చేసి, స్క్వాడ్రన్ (విమాన దళం) దగ్గర కొన్నేళ్లు పనిచేసి, తర్వాత ఎండీకి వెళ్తారు. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లతో కలిపి లెక్కేస్తే మీ అమ్మాయి స్పెషలిస్టయ్యేనాటికి ముప్పై దాటుతుంది. ఈ మాట చెబితే పెద్దవాళ్ల మొహాలు వాడిపోతాయి. కార్డియాలజిస్టు కావాలన్నా అంతే పడుతుంది, అప్పుడెవరూ నిట్టూర్చరు.

వాళ్లమ్మగారికి ఒక పేరు చెప్పండి. పద్మావతి బందోపాధ్యాయ. 1944లో తిరుపతిలో పుట్టారు. ఏఎఫ్ఎంసీలో చదివి, ఏవియేషన్ మెడిసిన్‌లో స్పెషలిస్టయి, భారత వైమానిక దళంలో ఎయిర్ మార్షల్ హోదా అందుకున్న తొలి మహిళ అయ్యారు. 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆమె భర్తదీ వైమానిక దళమే. మిలటరీ డాక్టరంటే తుపాకీ పట్టుకుని సరిహద్దులో నిలబడటమని ఆ తల్లి అనుకుంటూ ఉండొచ్చు. సైనిక ఆసుపత్రిలో పనిచేసే లేడీ డాక్టర్ ఎవరైనా మీ బంధువుల్లోనో స్నేహితుల్లోనో ఉంటే ఆమెతో ఒక గంట మాట్లాడించండి. బదిలీల సంగతి, క్వార్టర్ల సంగతి, పెళ్లయ్యాక ఎలా ఉంటుందో ఆమే చెబుతుంది. నేను చెబితే నమ్మరు, నమ్మక్కర్లేదు కూడా.

విదేశాల సంగతి క్లుప్తంగా. లండన్ కింగ్స్ కాలేజీలో స్పేస్ ఫిజియాలజీ మీద ఏడాది ఎంఎస్సీ ఉంది, మంచి కోర్సు, లైఫ్ సైన్సెస్ వాళ్లూ చేరవచ్చు. దాంతో వైద్యం చేసే హక్కు రాదు, మన దేశంలో ఎండీతో సమానమూ కాదు. అమెరికాలో టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో ఏరోస్పేస్ మెడిసిన్ రెసిడెన్సీ (మన పీజీ లాంటి శిక్షణ) ఉంది. అక్కడి వైద్య లైసెన్సు పరీక్ష యూఎస్ఎంఎల్ఈ రాసి మన పిల్లలు అమెరికాలో ఎన్నో విభాగాల్లో స్థిరపడ్డారు, కానీ నాసాలో వ్యోమగాములను చూసుకునే డాక్టర్ (ఫ్లైట్ సర్జన్) ఉద్యోగానికి పౌరసత్వం అడుగుతారు, హెచ్1బీ సరిపోదు. యూరప్ సంస్థలు ముందు తమ సభ్యదేశాల వాళ్లనే చూస్తాయి. ఇంటర్ అవగానే నేరుగా ‘స్పేస్ లైఫ్ సైన్స్’ బీఎస్సీకి అప్పుచేసి పంపడాన్ని నేను ఒప్పుకోను. పిల్ల ఇరవై ఏళ్లకు తిరిగొస్తే ఆ పట్టా చూసి ఇక్కడ ఎవరూ ఉద్యోగం ఇవ్వరు.

ఇంకో అపోహ. ఇస్రో మెడికల్ ఆఫీసర్ పోస్టులకు ప్రకటన వస్తే వాట్సాప్‌లో ‘స్పేస్ డాక్టర్ ఉద్యోగాలు’ అని తిప్పుతారు. శ్రీహరికోటలో అలా చేరినవాళ్లు చూసేది ఉద్యోగుల, వాళ్ల కుటుంబాల జ్వరాలూ షుగర్లూ. గౌరవమైన ఉద్యోగమే, అంతరిక్షంతో సంబంధం లేదంతే.

నీట్‌లో అనుకున్న ర్యాంకు రాకపోతే? దారి మూసుకుపోదు. తెలంగాణ ఈఏపీసెట్ బైపీసీ కౌన్సెలింగ్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ కూడా ఉంది, అయితే మీ ఆంధ్ర విద్యార్థులకు అందులో అర్హత ఉందో లేదో ముందు కనుక్కోండి. వ్యోమగామి గుండె లయ కొలిచే పరికరం, శ్వాసలో కార్బన్ డయాక్సైడ్ పట్టే సెన్సర్ చేసేది వాళ్లే. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకి బెంగళూరులో డెబెల్ అనే బయోఇంజినీరింగ్ ల్యాబ్, మైసూరులో అంతరిక్ష ఆహారం మీద పనిచేసిన ల్యాబ్ ఉన్నాయి. శుక్లా స్పేస్ స్టేషన్‌లో చేసిన ప్రయోగాల్లో ఒకటి కండరాల కణాల మీద, అది బెంగళూరులోని ఇన్‌స్టెమ్ అనే పరిశోధన సంస్థది. దాని వెనకున్నది బయాలజిస్టులు. ఇస్రో 2025లో తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సంస్థతో స్పేస్ మెడిసిన్ మీద ఒప్పందం చేసుకుంది, అంటే యూనిఫాం బయట కూడా తలుపు నెమ్మదిగా తెరుచుకుంటోంది. మీ అమ్మాయి చదువు ముగిసేసరికి అది ఎంత తెరుచుకుంటుందో చూడాలి.

మీ భయం పోయే మాట ఒకటి చెబుతాను. రేపు ఎంబీబీఎస్‌లో సీటొచ్చి, మూడో ఏడాదికి ఈ మోజు తీరిపోయిందనుకోండి, పోయేదేముంది? చేతిలో డాక్టర్ పట్టా ఉంటుంది, మీకు కావలసిందీ అదే. మోజు తీరకపోతే చేయాల్సినవీ మంచి డాక్టర్‌కి అక్కరకొచ్చేవే: ఫిజియాలజీని పరీక్ష కోసం కాకుండా చదవడం, స్టాటిస్టిక్స్, కాస్త ప్రోగ్రామింగ్, హౌస్ సర్జన్‌గా ఎమర్జెన్సీలోనూ రేడియాలజీలోనూ గట్టిగా నిలబడటం. అల్ట్రాసౌండ్ మాత్రం కాలేజీలో రిజిస్టరైన మెషీన్ మీదే, డాక్టర్ల పర్యవేక్షణలోనే నేర్చుకోవాలి. లింగనిర్ధారణ నిషేధ చట్టం మన దేశంలో ఆ మెషీన్ విషయంలో చాలా కఠినంగా ఉంటుంది. ఇండియన్ సొసైటీ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ ఒక జర్నల్ నడుపుతోంది, మూడో ఏడాది నుంచి అందులో వ్యాసాలు చదివితే ఈ రంగం తనకు సరిపడుతుందో లేదో ఆమెకే తెలుస్తుంది.

ఈ రాత్రి భోజనాల దగ్గర ఒక్క ప్రశ్న అడగండి. ‘అమ్మా, నువ్వు పైకి వెళ్లాలనుకుంటున్నావా, వెళ్లేవాళ్లను చూసుకోవాలనుకుంటున్నావా?’ రెండోదైతే పైన రాసిందంతా ఆమెకు చదివి వినిపించండి, నీట్ అయ్యేదాకా మళ్లీ ఆ మాటెత్తకండి. మొదటిదైతే సంగతి వేరు: గగన్‌యాన్‌కి ఎంపికైన నలుగురూ వైమానిక దళ టెస్ట్ పైలట్లు, వాళ్లలో డాక్టర్ ఎవరూ లేరు. అప్పుడు ఇంకో ఉత్తరం రాయండి.