వేడి గదిలో మేకలు పెట్టేముందు

అమ్మాయీ,

మేకలను వేడిలో ఉంచి కాలేయం పనితీరు ఎలా మారుతుందో పరిశోధించబోతున్నావని మీ నాన్న చెప్పాడు. గర్వంగా ఉంది, దిగులుగానూ ఉంది. అందుకే ఈ ఉత్తరం.

మామూలు పనులు నీకు తెలిసినవే. అనుమతులు ముందే తీసుకో. మేకలను గదికీ మనుషులకూ రెండు వారాలు అలవాటు చెయ్యి. నీళ్లు ఎప్పుడూ అందేలా చూడు. డొక్క కదలికలు చూసి శ్వాసను నిండా ఒక నిమిషం లెక్కపెట్టు.

నా బెంగ మేత గురించి. వేడి తగిలిన మేక తిండి తగ్గిస్తుంది. మేకకు కావలసిన గ్లూకోజ్‌లో చాలావరకు పేగుల నుంచి రాదు, రుమెన్‌లో (పొట్టలోని పెద్ద గదిలో) మేత పులిసి పుట్టే ప్రొపియోనేట్ అనే ఆమ్లంతో కాలేయమే తయారుచేసుకుంటుంది. మేత తగ్గితే ఆ ముడిసరుకూ తగ్గుతుంది. మరి రక్తపరీక్షలో కనిపించే మార్పు వేడి వల్లనా, ఆకలి వల్లనా? చల్లని చోట కడుపునిండా తిన్న గుంపుతో మాత్రమే పోల్చి, తేడానంతా వేడి ఖాతాలో రాసెయ్యడం ఈ రంగంలో పాత తప్పు. నువ్వూ అదే చేశావంటే మాత్రం ఊరుకోను.

మూడో గుంపు పెట్టు. అది చల్లగానే ఉండాలి, మేత మాత్రం వేడి గుంపుకు తగ్గినంత తగ్గాలి. ఒక మేక ముందు రోజుకు 1.6 కిలోల పొడి పదార్థం (తేమ తీసేసిన మేత బరువు) తిని, వేడిలో 1.2 కిలోలకు దిగిందంటే 25 శాతం తగ్గినట్టు. మూడో గుంపులో దానికి జోడీగా పెట్టిన మేక మామూలుగా 1.4 కిలోలు తినేదైతే మర్నాడు 1.05 కిలోలే వెయ్యాలి. మిగిలిన మేతను రోజూ తూచాలి, దాని తేమ కూడా చూడాలి. ఇంకో మెలిక ఉంది. తగ్గించిన మేతను ఒక్కసారే వేస్తే మేక గబగబా తినేసి, ఆపైన పస్తుంటుంది. పొద్దున తీసిన రక్తంలో కొవ్వు ఆమ్లాలు పెరిగి కనిపిస్తాయి, పోలిక మళ్లీ చెడుతుంది. మూడు నాలుగు విడతలుగా వెయ్యి తల్లీ, ఓపిక పట్టు.

ఈ గుంపు ఉంటేనే అసలు విషయం బయటపడుతుంది. ఆకలి ఒక్కటే ఉన్న మేక ఒంట్లో కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. వేడిలో ఉన్న మేకలో, అంతే తక్కువ తిన్నా, రక్తంలో కొవ్వు ఆమ్లాల పెరుగుదల చాలాసార్లు కనిపించదు. వేడిలో ఆవులకు ఇన్సులిన్ పెరుగుతుందని చదివి ఉంటావు. మేకలోనూ అంతేనని రాసెయ్యకు, కొలిచి చూడు.

రక్తంలో ఏఎస్‌టీ అనే ఎంజైము పెరిగిందని కాలేయం దెబ్బతిందనకు. పట్టుకునేటప్పుడు పెనుగులాడిన మేక కండరాల నుంచీ అది వస్తుంది. పక్కనే కండరాల దెబ్బను చూపే సీకే, కాలేయం దెబ్బను చూపే జీఎల్‌డీహెచ్ ఎంజైములు కూడా చూడు. గ్లూకోజ్ కోసం ఫ్లోరైడ్ ట్యూబు వాడి వెంటనే మంచులో పెట్టు. ఆలస్యమైతే రక్తకణాలే గ్లూకోజ్‌ను వాడేస్తాయి.

నెలలు నిండుతున్న చూడి మేకలను అసలు తీసుకోకు. కవలలు మోసే మేక మేత తగ్గిస్తే కొవ్వు కరగడంతో పుట్టే కీటోన్లు రక్తంలో పెరిగి తల్లీ పిల్లలూ పోవచ్చు.

మామూలుగా మేక ఒంటి వేడి 38.5 నుంచి 39.7 డిగ్రీల సెల్సియస్. 41కి చేరినా, నోరు తెరిచి రొప్పుతూ చొంగ కార్చినా, లెక్క పూర్తికాలేదని చూడకుండా బయటికి తీసుకురా. రాత్రి ఫ్యాను ఆగిపోయి హీటరు మాత్రం నడుస్తూ ఉండే ప్రమాదం నన్ను ఎక్కువ భయపెడుతోంది. హీటరును దానంతటదే ఆపేసే రెండో థర్మోస్టాట్ వేరే వైరింగుతో పెట్టించు. గది తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుందో లేదో మొదటిరోజే చూసుకో. నువ్వు ఒక్కదానివే లోపలికి వెళ్లకు.

ఆశీస్సులతో,
పెదనాన్న