కొత్త ఆవిష్కరణల కోసం కంపెనీలు టీములు, ట్రైనింగుల మీద ఎందుకు ఆధారపడతాయి?

తెలివైనవాళ్లను తీసుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. త్రీఎం కంపెనీలో 1968లో స్పెన్సర్ సిల్వర్ తేలిగ్గా ఊడొచ్చే జిగురు ఒకటి తయారుచేశారు. దాన్ని దేనికి వాడాలో ఎవరికీ తెలియలేదు. అయినా ఆయన దాన్ని అటకెక్కించకుండా, తోటి ఉద్యోగులకు ఏళ్ల తరబడి చెబుతూనే వచ్చారు. అలా విన్నవాళ్లలో ఆర్ట్ ఫ్రై ఒకరు. చర్చిలో పాటల పుస్తకంలో పెట్టుకున్న గుర్తు కాగితాలు జారిపడిపోతుంటే ఆయనకు చిరాకు. 1974లో ఆ జిగురు గుర్తొచ్చింది. 1980లో పోస్ట్-ఇట్ నోట్స్ (అంటించి, మళ్లీ తేలిగ్గా ఊడదీసుకునే చిన్న కాగితాలు) అమెరికా అంతటా మార్కెట్లోకి వచ్చాయి. జిగురు ఒకరిది, అవసరం ఇంకొకరిది. పని సమయంలో 15 శాతం సొంత ఆలోచనలకు వాడుకోనిచ్చే పద్ధతి కూడా అక్కడ ఉంది. ఆ వెసులుబాటు లేకపోతే ఇలాంటివి మొగ్గలోనే ఆగిపోతాయి.

బయటివాళ్లతో చేతులు కలపడం ఇంకో దారి. సబ్బులు, షాంపూల్లాంటివి తయారుచేసే ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ 2000 తర్వాత కొత్త ఆలోచనల్లో సగం బయటినుంచే రావాలని లక్ష్యం పెట్టుకుంది.

ఇక నేర్చుకోవడం అంటారా, రోజంతా స్లైడ్లు చూపిస్తే పెద్దగా ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం. పని జరిగేచోటే నేర్చుకోవాలి. టయోటా ఫ్యాక్టరీలో తేడా కనిపిస్తే కార్లు తయారయ్యే లైను మీదున్న కార్మికుడే సాయం కోసం పిలిచే తాడు లాగుతాడు. టీమ్ లీడర్ వెంటనే వస్తాడు. అప్పటికప్పుడు సరికాకపోతే లైను ఆపేసి, "ఎందుకు" అని మళ్లీ మళ్లీ అడుగుతూ అసలు కారణం దాకా వెళ్తారు. తాడు లాగినందుకు చీవాట్లు ఉండవు.