గ్రీన్ బడ్జెట్ వల్ల ఒక్క చెట్టయినా బతుకుతుందా?

బడ్జెట్లో, ప్రభుత్వ లెక్కల్లో పర్యావరణాన్ని చేర్చితే నిజంగా మార్పు వస్తుందా అని అడిగారు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా చిన్నాన్నకు నర్సరీ ఉంది, దాని లెక్కలు రాసేది నేనే. ఒడిశా ప్రభుత్వం 2020-21 నుంచి వాతావరణ బడ్జెట్ అని విడిగా పుస్తకమే వేస్తోంది. ఏ పథకంలో ఎంత భాగం వాతావరణానికి పనికొస్తుందో అందులో లెక్క కడతారు. మంచిదే. నా గొడవంతా మార్చి నెలతో.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా వైపు బోలెడు చెట్లను కూల్చేసింది. ఆ తర్వాత ఒక ఏడాది, మార్చి ఆఖర్లో ఒక ఆఫీసు నుంచి ఫోను. ప్యాకెట్ మొక్కలు కావాలట, రేపటికే. కానుగ, వేప, నేరేడు, ఏదున్నా సరే. 31 దాటితే ఆ డబ్బు వెనక్కి పోతుంది.

"ఇప్పుడు నాటితే మాడిపోతాయి బాబూ, తొలకరి దాకా ఆగండి" అని చిన్నాన్న బతిమాలాడు.

"తొలకరికి డబ్బుండదు కదండీ, మీరు దింపెయ్యండి" అన్నాడాయన.

మిట్టమధ్యాహ్నం ఎండలో కూలీలు గుంతలు తవ్వారు. మొక్కల పక్కన నిలబడి ఫొటోలు దిగారు, బిల్లు పాసయింది. నీళ్ల ట్యాంకరుకు మాత్రం ఏ పద్దులోనూ డబ్బు లేదు. మే వచ్చేసరికి రోడ్డు పొడవునా ఎండుపుల్లలు, మేకలు కూడా ముట్టలేదు.

కాగితం మీద మాత్రం ఆ పని నూటికి నూరు పాళ్లు పూర్తి. మన ప్రభుత్వ ఖాతాలు నగదు పద్ధతిలో నడుస్తాయి మరి, డబ్బు కదిలిందా లేదా అన్నదే లెక్క. అటవీశాఖ కలప అమ్మితే 0406 పద్దులో రాబడి, మొక్క నాటితే 2406లో ఖర్చు. చెట్టు పోయిందన్న నష్టం రాయడానికి గడే లేదు! కేంద్ర గణాంక శాఖ 2018 నుంచి పర్యావరణ ఖాతాలు, అంటే అడవి, నీరు, నేల లాంటివాటి లెక్కలు వేస్తోంది కానీ, ఆ పుస్తకం బిల్లు పాస్ చేసే గుమాస్తా బల్ల మీదికి రాదు.

సరిహద్దు దాటితే ఆంధ్రాలో, పాతపట్నం వైపు బాగుంటుందనుకోకండి. మార్చి వాళ్లకీ మార్చే.

నన్నడిగితే బిల్లులో సగం మూడో ఏట, బతికున్న మొక్కల్ని లెక్కపెట్టాకే ఇవ్వాలి. మా నర్సరీకే దెబ్బ అంటారా, తగిలితే తగలనీ, ఎండల్లో మొక్కలడిగే ధైర్యం ఇంకెవరూ చెయ్యరు.

ఆ వాతావరణ బడ్జెట్ పుస్తకం ఎవరైనా చూశారా అని మొన్న మా వార్డు మీటింగులో అడిగాను. "కొత్త స్కీమా? ఫారం ఎక్కడిస్తున్నారు?" అన్నారు.