ప్లాన్ ఆఫీసు పెట్టబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య దీవెనలు. కావలిలో సొంతంగా ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసు పెడతానన్నావని మీ అమ్మ చెప్పింది. పెట్టు తల్లీ. కానీ ఎలివేషన్ బొమ్మలతో, అంటే ఇల్లు బయటికి ఎలా కనిపిస్తుందో చూపే బొమ్మలతో, పేరు తెచ్చుకుందామనే ఆలోచన పక్కన పెట్టు. రంగుల త్రీడీ బొమ్మ ఓనరు కోసం. ప్లాను మేస్త్రి కోసం. నీకు ఫోన్ చేయకుండా మేస్త్రి పునాది గీతలకి నేల మీద ముగ్గు పోయగలిగితే అది మంచి ప్లాను.

స్థలం కొలతలు నువ్వే స్వయంగా తీసుకో. కాగితాల్లో అంకణాలుంటాయి. మన నెల్లూరు జిల్లాలో అంకణమంటే 36 చదరపు అడుగులు, సెంటుకి 12.1 అంకణాలు. కొన్ని చోట్ల ఈ లెక్క వేరు కాబట్టి ప్లాను మీద చదరపు అడుగులు కూడా రాయి. నాలుగు వైపులా టేపు పట్టి వచ్చేయకు, మూల నుంచి మూలకీ పట్టు. 30 x 40 స్థలానికి అది సరిగ్గా 50 అడుగులు రావాలి. రాలేదంటే, నాలుగు భుజాలూ సరిపోయినా సరే, స్థలం వంకరగా ఉన్నట్టే.

ఇక గోడలు. ఓనర్లు గదుల సైజులు చెబుతారు, గోడల మందం ఎవరికీ గుర్తుండదు. పదడుగుల గదులు మూడు వరసగా కావాలంటే 30 అడుగుల్లో పట్టవు. బయట తొమ్మిదంగుళాల గోడలు రెండు, లోపల నాలుగున్నర అంగుళాలవి రెండు, అక్కడే రెండడుగులకు పైన పోయింది. ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, అదే సెట్‌బ్యాక్, ఇంకా వదలనేలేదు. ఈ లెక్క మొదటి రోజే వాళ్ల ముందు కూర్చుని చేసి చూపించు.

సెక్షన్, అంటే ఇంటిని నిలువునా కోస్తే లోపల కనిపించే బొమ్మ, గీయడం చాలామంది తప్పనిసరి తద్దినంలా చేస్తారు. నాకు మాత్రం ప్లాను కంటే అదే ముఖ్యం. మెట్ల మీదుగా కోసి గీయి. కింది ఫ్లోరు నుంచి పై ఫ్లోరుకి పదడుగులైతే ఆరంగుళాల చొప్పున 20 ఎక్కుళ్లు. రెండు వరసలుగా వేస్తే ఒక్కో వరసకి పది ఎక్కుళ్లు, కానీ పదో ఎక్కు ల్యాండింగ్ మీదికో పై ఫ్లోరు మీదికో కాబట్టి పదంగుళాల మెట్లు తొమ్మిదే, అంటే ఏడున్నర అడుగులు. మధ్యలో మెట్లు తిరిగే చోటు, అదే ల్యాండింగ్, మూడడుగులు కలిపితే పదిన్నర. ఇంటి లోపలి మెట్ల కింద బాత్రూమ్ పెట్టమని ప్రతి ఇంట్లోనూ అడుగుతారు. ల్యాండింగ్ ఎత్తే ఐదడుగులు, అందులో స్లాబు మందం పోతే మనిషి నిలబడలేడు. నోటితో చెబితే వినరు, సెక్షన్ చూపిస్తే ఒప్పుకుంటారు. అందులోనే రోడ్డు లెవెల్ కూడా వేయి. సిమెంటు రోడ్డు మీద మళ్లీ సిమెంటు రోడ్డు పోస్తే, బేస్‌మెంట్ ఎత్తు తక్కువున్న ఇళ్లలోకి వాన నీళ్లొస్తాయి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను గురించి మీ తాతయ్యనడుగు, సన్‌షేడ్లు, పిట్టగోడల సంగతి ఆయనే చెబుతాడు.

వాస్తు మీద వాదన పెట్టుకోకు. గీయకముందే వాళ్ల సిద్ధాంతిని అడిగి రమ్మను. అంతా అయ్యాక ఆయనొచ్చి వంటిల్లు ఆగ్నేయంలో లేదంటే మొత్తం తిప్పాలి. ఆ పనికి ఎవరూ డబ్బులివ్వరు.

డబ్బుల దగ్గర నువ్వు మొహమాటస్తురాలివి, నాకు తెలుసు. అందుకే నోటితో అడగాల్సిన అవసరం లేకుండా కాగితం మీద పెట్టు. ఫీజెంత, ఏ డ్రాయింగులు ఇస్తావు, ఎన్నిసార్లు మారుస్తావు, ఆ తర్వాత మార్పుకి ఎంత, అన్నీ ఒక పేజీలో రాసి సంతకం తీసుకో. సగం అడ్వాన్సు రాకుండా కంప్యూటర్ తెరవకు. మున్సిపాలిటీకి కట్టే ఫీజు నీ ఫీజులో కలపకు, రసీదు వాళ్ల చేతికివ్వు. చుట్టాలకి తగ్గించు, ఉచితంగా మాత్రం చేయకు. ఉచితంగా చేస్తే మార్పులకి అంతుండదు.

పని తెచ్చేది మేస్త్రీలు, ఐరన్ షాపు వాళ్లు. కమిషన్ అడుగుతారు. ఇవ్వకపోతే మొదట్లో పనులు తగ్గుతాయి, అయినా ఇవ్వకు. వాళ్ల డబ్బు తీసుకున్నా, నీ డబ్బు వాళ్లకిచ్చినా, పని తప్పుగా ఉన్నప్పుడు నోరు లేవదు. ఆషాఢంలో ముహూర్తాలుండవు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు. అప్పుడు పని తగ్గుతుంది కాబట్టి ఆరు నెలల ఆఫీసు అద్దె చేతిలో పెట్టుకున్నాకే తాళాలు తీసుకో. ప్లాటర్ కొనకు, పెద్ద షీట్లు బయట ప్రింట్ తీయించుకోవచ్చు.

బోర్డు మీద ఆర్కిటెక్ట్ అని రాయించకు. 1972 చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టరైన వాళ్లే ఆ మాట వాడాలి. నీది సివిల్ డిప్లొమా. 'ప్లాన్లు, ఎస్టిమేట్లు' అని రాయించు చాలు. కడ్డీల లెక్క స్ట్రక్చరల్ ఇంజనీరు చేత చేయించు, ఆ ఖర్చు కూడా ఆ ఒక్క పేజీలో ముందే చూపించు.

మీ మామయ్య